తలల లెక్క

డెట్రాయిట్ తూర్పు పేటలో అక్టోబరు మొదటి బుధవారం, పొద్దున పదిన్నర. బడి వ్యాను తోలే ప్రూయిట్ ఇంజను ఆపకుండానే దిగొచ్చి, చర్చిలో అందరూ సిస్టర్ అని పిలిచే ఎర్నెస్టీన్ టాలివర్ ఇంటి మెట్ల మీద నిలబడ్డాడు. ఆవిడ దోమతెర తలుపు అవతలే ఉంది, గడియ తియ్యలేదు.

"జ్వరమంటే ఎంత జ్వరం సిస్టర్? నూటొకటా, నూటరెండా?"

"జ్వరానికి కూడా నీకు లెక్క చెప్పాలా ప్రూయిట్? ఒళ్ళు కాలుతోంది. పడుకుంది."

"అంటే మరీ అంత కాదన్నమాట. నూటరెండైతే మీరీపాటికి దాన్నెత్తుకుని ఆస్పత్రిలో ఉండేవాళ్ళు."

"డాక్టరువి కూడా అయ్యావా? వ్యాను తోలతావు, నేల తుడుస్తావు, మొన్నటినుంచీ మూడో తరగతికి లెక్కలు కూడా చెప్తున్నావంట."

"ఎవరు చెప్పారు?"

"మా మనవరాలే చెప్పింది. మిస్ బెల్‌ఫోర్డ్ మానేసిన దగ్గర్నుంచీ వాళ్ళ క్లాసులో కూచుంటున్నది ప్రూయిట్ తాతేనంట. ఎక్కం తప్పు చెప్పాడంట."

"తప్పు చెప్పలా. తొమ్మిదెనిమిదుల దగ్గర కొంచెం ఆగా. కార్ల ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్ళు బోల్టులు లెక్కపెట్టినోణ్ణి నేను, నాకు ఎక్కాలు రావా? అయినా ఆ గొడవ ఇప్పుడెందుకు. పిల్లని దుప్పట్లో చుట్టి నా చేతికివ్వండి సిస్టర్. ఎత్తుకెళ్తా. పేరు పిలుస్తారు, ఉన్నానంటుంది, మళ్ళీ ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెడతా. పది నిమిషాలు."

"జ్వరమొచ్చిన పిల్లని."

"పది నిమిషాలే."

"ఆ పది నిమిషాల్లో మిగతా పిల్లలకంటిస్తే?"

"అంటిస్తే అంటించనివ్వండి. రేపొచ్చినా రాకపోయినా ఒకటే వాళ్ళు. ఇవాళ తలల లెక్క రోజు. ఇవాళ బల్లల దగ్గర ఎన్ని తలలుంటే సర్కారు అన్నిటికే డబ్బిస్తుంది, ఏడాది మొత్తానికీ. మీకు నేను చెప్పాలా?"

"వద్దు. ఇరవై రెండేళ్ళు బడి వంటింట్లో వడ్డించిన చెయ్యి ఇది. ఈ రోజొస్తే పిల్లలకి ఐస్‌క్రీం రెండు గరిటెలు వెయ్యమనేవాళ్ళు. మర్నాడు ఒకటే."

"మేం పిజ్జా పెడుతున్నాం. చలి కోటు లాటరీ కూడా పెట్టాం. ఆడపిల్లలకి ఎర్రది, టోపీ ఉన్నది. కెజాయా పేరు కూడా వేశా చీటీల్లో. నేనే రాశా."

"ఎన్నిసార్లు రాశావు?"

"ఒకటి. సరే, నాలుగు. ఎవరికీ చెప్పకండి."

"నీ చేతిరాత ఎవరికర్థమవుద్దిలే. మీ మనవడు అమారి బడికెళ్ళాడా?"

"ఆ... వెళ్ళాడు, పొద్దున్నే వెళ్ళాడు."

"నీ వ్యాన్లో లేడే. పొద్దున ఈ వీధిలో పోతుంటే చూశా, నీ వెనక సీటు ఖాళీగా ఉంది."

"వాళ్ళమ్మ దింపేసింది. పనికెళ్ళే దారే కదా. తలుపు తియ్యండి సిస్టర్, చలిగా ఉంది."

"ఇంజను నడుస్తోందిగా, వెళ్ళి వ్యాన్లో కూచో, వెచ్చగా ఉంటది."

"అరవకపోతే మీకు వినపడదు అక్కణ్ణుంచి. కెజాయా... కెజాయా తల్లీ... ప్రూయిట్ తాతొచ్చాడమ్మా."

"అరవకు. పడుకుందని చెప్పానా."

"టీవీ వినపడుతోందిగా లోపల."

"నేను చూస్తున్నా. వంటల ప్రోగ్రాం. ఎవరో పిల్లదానికి మాకరోనీ చెయ్యడం రాక చెడగొడుతోంది. నువ్వొచ్చి అది కూడా చూడనివ్వలా."

"ఒక్కసారి పిల్లని చూడనివ్వండి. ఊరికే, మొహం చూసి వెళ్ళిపోతా."

"చూసి?"

"చూసి... మేడమ్‌కి చెప్తా, చూశానని."

"ప్రూయిట్, పోయినేడు గుర్తుందా? సరిగ్గా ఇదే రోజు. దీనికి చెవిపోటొచ్చి రాత్రంతా ఏడ్చింది. మీ బడి నడిపే హార్‌గ్రోవ్ మేడమ్ ఫోన్ చేసి ఏమంది నాతో?"

"ఏమో, ఏదో అనుంటది."

"గుర్తుంది నీకు. కంగారుపడకండి మిసెస్ టాలివర్ అంది. డాక్టరు దగ్గర చీటీ రాయించి పంపండి, ముప్పై రోజుల్లో ఎప్పుడొచ్చి కూచున్నా ఇవాళ్టి లెక్కలోకే వస్తుంది అంది. పైగా సూప్ పంపింది."

"పంపింది. నేనే తెచ్చా."

"మరి ఇవాళ సూప్ లేదేం?"

"ఈసారి... ఈసారి ఇవాళే రావాలంట."

"ఎవరన్నారు?"

"మేడమే."

"రూలు మారిందా?"

"మారలా."

"ముప్పై రోజులు పోయి పది రోజులయ్యిందా?"

"లేదు, ముప్పైయే."

"డాక్టరు చీటీ పనికిరాదన్నారా?"

"పనికొస్తుంది."

"మరేం మారింది?"

"అబ్బబ్బ, పది నిమిషాల పనికి ఇన్ని ప్రశ్నలా సిస్టర్? పోలీసోళ్ళు కూడా ఇన్నడగరు."

"నీ జేబులో ఫోన్ మోగుతోంది."

"మోగనివ్వండి."

"ఆవిడే అయ్యుంటది. తియ్యి."

"ఆ మేడమ్... ఆ, ఇక్కడే, టాలివర్ గారింటి ముందే ఉన్నా... లేదు మేడమ్... జ్వరమంట... లేదు, చూళ్ళేదు, తలుపు తియ్యట్లేదు... తెలుసు మేడమ్... ఒక్కటేనా? మిగతావాళ్ళంతా వచ్చారా?... ఆ కవలపిల్లలు కూడానా?... అయితే నూట అరవై తొమ్మిది... ఆ, ఒక్కటే... తెలుసు మేడమ్, నాకూ ఉందిగా అందులో... సరే... సరే మేడమ్, తీసుకొస్తా."

"ఏంటి నీకూ ఉన్నది అందులో?"

"ఏం లేదు."

"ఏదో ఉందన్నావుగా."

"జీతం. అందరికీ ఉన్నట్టే."

"ఎన్నాళ్ళది?"

"ఆరు వారాలది."

"ఆరు వారాల్నుంచీ జీతం లేకుండా ఆ వ్యాను తోల్తున్నావా?"

"పెట్రోలు కూడా నాదే, రెండు వారాల్నుంచీ."

"పిచ్చోడివి ప్రూయిట్."

"ఫ్యాక్టరీలో కూడా అదే అనేవాళ్ళు."

"ఇదిగో, నేనొకటి అడుగుతా, సూటిగా చెప్పు. బాయిలరు వెలిగించావా?"

"బాయిలరా?"

"బళ్ళో బాయిలరు. ప్రతి ఏడూ అక్టోబరు ఒకటో తారీకు పొద్దున్నే వెలిగిస్తావు. వెలిగించి ఆదివారం చర్చికొచ్చి మా అందరికీ చెప్తావు, అదేదో నీ కూతురి పెళ్ళయినట్టు. ఎంత మసి దులిపావో, ఏ గొట్టం ముక్కిందో, అన్నీ చెప్తావు. పాస్టరుగారి ప్రసంగం కన్నా నీ బాయిలరు కథే పొడుగు. మొన్న ఆదివారం నోరిప్పలా నువ్వు."

"చలి ముదరలేదుగా ఇంకా."

"ఇందాక చలిగా ఉందన్నావు, తలుపు తియ్యమని. పిల్లలు కోట్లు వేసుకునే కూచుంటున్నారంట క్లాసులో. అందుకేనా కోటు లాటరీ?"

"బాయిలరు మనిషొచ్చి చూసి సంతకం పెడితే గానీ వెలిగించకూడదు సిస్టర్. ఆయన్ని పిలవలా ఈ ఏడు."

"ఎందుకు పిలవలా?"

"ఆయనకి డబ్బివ్వాలి."

"అందుకేనా?"

"అందుకే."

"ప్రూయిట్, నేను పనిచేసిన బడి ఎట్టా మూశారో తెలుసా నీకు? కాల్డర్ వీధిలో. మాకెవరూ చెప్పలా. ఒకరోజు పొద్దున పాల వ్యాను వచ్చి సగం పెట్టెలే దించి వెళ్ళింది. నేను వాణ్ణడిగా, మిగతావేవయ్యా అని. వాడు నా మొహం చూళ్ళా. నువ్వు ఇప్పుడు చూడట్లేదే, అట్టాగే."

"చూస్తున్నానుగా."

"నా చెప్పులు చూస్తున్నావు. ఆ తర్వాత ఆరు వారాలకి బడికి తాళం పడింది. ఇప్పుడా కప్పు మీద చెట్లు మొలిచాయి. అప్పుడే మీ హార్‌గ్రోవ్ మేడమ్ ఇంటింటికీ తిరిగింది, మన పేటకి మన బడి అని. చార్టర్ బడి, సర్కారు డబ్బిస్తుంది, నడిపేది మాత్రం మనమే అంది. ఇదే మెట్ల మీద నిలబడి చెప్పింది నాకు. నేను నమ్మా."

"ఆవిడ అబద్ధం చెప్పలా సిస్టర్. ఆవిడ ఇల్లు తాకట్టు పెట్టి మరీ బల్లలు కొంది."

"చెప్పిందనలా. ముప్పై రోజుల్లో ఎప్పుడొచ్చినా చాలని పోయినేడు చెప్పిన మనిషి ఇవాళే కావాలంటోందంటే నాకొకటే అర్థమవుతోంది. ముప్పై రోజుల్లేవు మీ దగ్గర. అవునా కాదా?"

"ఇంజను ఆపేసి వస్తా."

"ఆపొద్దు. చెప్పి వెళ్ళు. ఎప్పుడు మూస్తున్నారు?"

"హాలోవీన్‌కి ముందొచ్చే శుక్రవారం."

"మూడు వారాలు."

"ఎవరికీ చెప్పనని మాటిచ్చా సిస్టర్. బైబిలు మీద కాదులే గానీ, ఇచ్చా."

"పిల్లలకెప్పుడు చెప్తారు?"

"ఉత్తరాలు అచ్చయ్యాయి. వ్యాన్లోనే ఉన్నాయి, నా సీటు కింద, డబ్బాలో. సర్కారు వాళ్ళు ఇవాళ్టి లెక్క ఒప్పుకున్నాక పంచమన్నారు."

"సీటు కింద పెట్టుకుని వాటి మీదే కూచుని పిల్లల్ని ఏరుకొస్తున్నావా పొద్దున్నుంచీ?"

"ఎక్కడ పెట్టుకోమంటారు?"

"ఎందుకు పోతోంది ఆ బడి? పిల్లల్లేరా? కెజాయా క్లాసులోనే ఇరవై ఎనిమిది మంది. అది ఆ బళ్ళో చేరేనాటికి దానికి అక్షరం ముక్క రాదు. ఇప్పుడు గ్యాసు బిల్లు గడగడా చదివేస్తుంది నాకు. అంతకుముందే సుఖంగా ఉండేదాన్ని."

"పిల్లలున్నారు. చదువూ బానే ఉంది. భవనం తినేస్తోంది సిస్టర్. సర్కారు బడి కప్పు కారితే ఊరి మీద పన్నేసి బాగుచేసుకుంటారు. ఆ పన్ను మీరూ కడతారు, నేనూ కడతా. మన బడికి అందులోంచి ఒక్క సెంటు రాదు. కప్పైనా, బాయిలరైనా, అద్దైనా, అన్నీ ఈ తలల డబ్బులోంచే తీయాలి. అది చేతికొచ్చేది అక్టోబరు ఆఖర్న. బడి తెరిచేది సెప్టెంబరు మొదట్లో. ఆ మధ్యలో ఏం పెట్టి నడపాలి? అప్పు."

"ఎవరిస్తారు అప్పు?"

"భవనం అద్దెకిచ్చినాయనే."

"ఎవరు, బడి తెరిచినరోజు ఊదారంగు టై కట్టుకుని రిబ్బను కత్తిరించాడే, ఆయనా?"

"ఆయన కంపెనీయే."

"నేను పీచ్ పళ్ళతో చేసిన తీపి కాబ్లర్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. మూడోసారి పొట్లం కట్టించుకున్నాడు."

"అద్దె కూడా మూడుసార్లు పెంచాడు."

"తెలిస్తే ఉప్పేసేదాన్ని."

"ఆయన కాగితంలో ఉందంట సిస్టర్. ఇవాళ నూట డెబ్బై తలలు లెక్కకొస్తే, వచ్చే డబ్బులో ముందు మా జీతాలిచ్చాకే ఆయన బాకీ. ఒక్క తల తగ్గినా ముందు ఆయనకే. ఆయన తీసుకున్నాక మిగిలేదేమీ లేదు. పదకొండు మందిమి ఉన్నాం. వంటచేసే డెలోరిస్‌కి మోకాలి ఆపరేషనుంది."

"ఇప్పుడు నూట అరవై తొమ్మిది ఉన్నారు."

"నూట అరవై తొమ్మిది."

"ఒక్క తల."

"ఒక్కటే. మీకంతా చెప్పేశా, ఇంక దాచిందేం లేదు నా దగ్గర. తెలిసే పంపండి. బడి నిలబడుతుందని అబద్ధం చెప్పను. మా కోసం పంపండి. మీకేం పోతుంది సిస్టర్? పది నిమిషాలు."

"నాకేం పోతుందో చెప్పనా? బడి మూశాక ఇది ఎక్కడికి పోవాలి?"

"ఏదో ఒక బడికి. లార్క్‌మూర్ ఉందిగా, సర్కారుది. రెండు బస్సులు మారాలి గానీ, మంచిదే."

"దాంతోపాటు దాని డబ్బు వెళ్తుందా అక్కడికి? చెప్పవయ్యా, లెక్కల మాస్టారువి."

"వెళ్ళదు. ఇవాళ ఎక్కడ కూచుంటే అక్కడికే."

"లార్క్‌మూర్ ఆఫీసులో ఒకావిడుంది, కళ్ళజోడు తాడుకి కట్టుకుంటది. ఆవిడ చెప్పింది నాకు. పోయినేడు ఎక్కడో ఇట్టాగే ఒక చార్టర్ మూస్తే, నవంబర్లో నలభై మంది పిల్లలొచ్చి పడ్డారంట వాళ్ళ మీద. డాలరు రాలా వాళ్ళ వెంట. టీచరు రాలా, పుస్తకం రాలా. కుర్చీలు చాలక కిటికీ అరుగుల మీద కూచున్నారంట క్రిస్మస్ దాకా. తప్పు ఆ పిల్లలదైనట్టు అందరూ వాళ్ళకేసే చూసేవాళ్ళంట."

"మీరెప్పుడెళ్ళారు లార్క్‌మూర్‌కి?"

"ఆ పిల్లల్లో నా మనవరాలు ఉండకూడదనుకున్నా. ఎక్కడికెళ్ళినా దాని కుర్చీ దాంతో రావాలి."

"సిస్టర్... కెజాయాని ఒకసారి పిలవండి బయటికి."

"ఇంట్లో లేదు."

"జ్వరమన్నారే?"

"బడి ఉందన్నావే నువ్వు?"

"నేనా మాట అన్లా."

"లేదనీ అన్లా. సోమవారం చేర్చా దాన్ని లార్క్‌మూర్‌లో. బాయిలరు సంగతి చూశాక ఇంకేం చూడాలి. ఇప్పుడు అక్కడే కూచునుంది, లెక్కలో ఉంది. పాపం అది నన్నడిగింది, ప్రూయిట్ తాతకి చెప్పి వద్దామా అని. వద్దన్నా."

"అరగంట నిలబెట్టి నాతో ఇంత మాట్లాడించారు, అదిక్కడ లేకుండానే."

"నువ్వు ఎంతదాకా చెప్తావో చూద్దామని."

"చూశారుగా. అంతా చెప్పా."

"అంతానా?"

"అంతా చెప్పా. ఇంకేం చెప్పాలి? మీరే ఇట్టా చేస్తే ఎట్టా సిస్టర్? మొదటిరోజు ఆ బడికి మెట్లు కడిగింది మీరు. మీలాంటివాళ్ళే చాటుగా పిల్లని తీసుకెళ్ళి పక్క బళ్ళో దాచుకుంటే ఇంక పేటలో ఎవర్నని ఏమనాలి? ఆ టై కట్టుకున్నోణ్ణి అనుకుంటాం గానీ, ముంచేది సొంతోళ్ళే. ఒక్క తల. ఒక్క తల తగ్గి పదకొండు మంది జీతాలు గంగలో కలుస్తున్నాయి. డెలోరిస్‌కి ఏం చెప్పను నేను? ఎవరో ఒకళ్ళు తన పిల్లని మాత్రం కాపాడుకుందామనుకున్నారు, అందుకని నీ మోకాలు పోయింది, అని చెప్పనా?"

"అట్టాగే చెప్పు."

"నాకు నోరు రాదు. పొద్దున ఆరింటి నుంచీ ఇల్లిల్లూ తిరుగుతున్నా. అందరూ పంపారు. ఆ కవలపిల్లల అమ్మ, రాత్రి డ్యూటీ చేసొచ్చి, నిద్రమొహంతో జడలేసి మరీ పంపింది. మీరొక్కరే..."

"నేనొక్కదాన్నేనా?"

"మీరొక్కరే సిస్టర్."

"పోనీలే. చలిలో నిలబడ్డావు, కాఫీ ఇస్తానుండు. ప్రూయిట్, అమారి ఇవాళైనా పెన్సిలు తీసుకెళ్ళాడా?"

"పెన్సిలేంటి?"

"నిన్న లార్క్‌మూర్‌లో వాడికి మొదటిరోజు కదా, తెచ్చుకోలేదంట. పక్క కుర్చీలో కూచున్న మా కెజాయా తన పెన్సిలు సగానికి విరిచి ఇచ్చిందంట."